రాత్రి నింగిలో నిప్పుబాట

1963 నవంబరు 21. కేరళ తీరాన, తిరువనంతపురానికి సమీపంలోని తుంబా అనే జాలరిపల్లెలో పొద్దు గుంకింది. నేల మీద చీకటి అలముకుంటున్నది కాని, ఆకాశపు అంచులలో వెలుగు ఇంకా పూర్తిగా ఆరిపోలేదు. సాయంత్రం 6 గంటల 25 నిమిషాలకు నైకీ–అపాచీ అనే చిన్న రాకెట్టు ఒకటి కొబ్బరితోటల నడుమనుంచి పైకి లేచింది. కొద్దిసేపటికి, అది కంటికి కనుమరుగైన తావుకు చాలా ఎత్తున, నారింజ రంగు మేఘమొకటి విచ్చుకొని మెల్లమెల్లగా వంకరలు తిరగసాగింది. భారత అంతరిక్ష చరిత్ర ఆ సాయంకాలమే ఆరంభమయిందని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. ఆ ప్రయోగ ఫలితం కోసం శాస్త్రజ్ఞులు ప్రధానంగా కెమెరాలపై ఆధారపడ్డారన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

రాకెట్టును అమెరికా ఇచ్చింది. దానిలోని సోడియం ఆవిరి పరికరాన్ని ఫ్రాన్సు సమకూర్చింది. భాగాల కూర్పు జరిగింది సెయింట్ మేరీ మాగ్దలీన్ చర్చి ఆవరణలో. స్థానిక క్రైస్తవ సమాజం తమ ప్రార్థనాలయాన్ని దేశం కోసం విడిచిపెట్టగా ఆ కట్టడం కార్యశాలగా మారింది; నేడది అంతరిక్ష వస్తుప్రదర్శనశాల. రాకెట్టును ప్రయోగ స్తంభంపైకి ఎత్తే వేళ యంత్రం మొరాయించగా చేతుల బలంతోనే దాన్ని నిలబెట్టవలసి వచ్చిందని, ఆ బృందంలోని యువ ఇంజనీరు ఎ.పి.జె. అబ్దుల్ కలాం తరువాతి కాలంలో తమ ఆత్మకథలో జ్ఞాపకం చేసుకొన్నారు. ఇంత శ్రమా పడింది మేఘాన్ని చూసి ఆనందించడానికి కాదు, దాన్ని ఛాయాచిత్రాలలో బంధించి కొలవడానికి.

సంధ్యవేళే ఎందుకు?

భూమికి 80 కిలోమీటర్లకు పైన గాలి ఎటు వీస్తుంది, ఎంత వేగంతో వీస్తుంది అన్నది ఆనాటి వాతావరణ శాస్త్రానికి పెద్ద సమస్య. బెలూన్లు అంత ఎత్తుకు చేరవు. ఉపగ్రహాలు అంత కిందికి దిగి నిలవలేవు. ఆ నడిమి ప్రాంతాన్ని పరిశీలించడానికి రాకెట్టు ఒక్కటే సాధనం. రాకెట్టు తన దారి పొడుగునా సోడియం ఆవిరిని వదులుకుంటూ పోతే, అక్కడి గాలులు ఆ ఆవిరిని తమ వెంట తీసుకుపోతాయి. తిన్నని గీతగా మొదలైన మేఘం నిమిషాలలోనే మెలికలు తిరుగుతుంది. ఏ ఎత్తున ఎంత మెలిక తిరిగిందో కొలిస్తే, ఆ ఎత్తున గాలి సంగతి తెలిసిపోతుంది.

మేఘం కనబడాలంటే రెండు షరతులు ఒక్కసారే నెరవేరాలి. చూసేవాడు చీకటిలో ఉండాలి. చూడబడేది వెలుగులో ఉండాలి. సోడియం పరమాణువులు సూర్యకాంతిలోని 589 నానోమీటర్ల తరంగాలను గ్రహించి, తిరిగి అదే వన్నెతో వెదజల్లుతాయి. మన వీధులలో కొన్ని దశాబ్దాల పాటు వెలిగిన సోడియం దీపాల పసుపు వన్నె అదే. పట్టపగలు ఆకాశపు కాంతి ఆ వన్నెను మింగివేస్తుంది. నడిరేయి మేఘంపై సూర్యకాంతి పడదు. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల దిగువన ఉన్నప్పుడు భూమి నీడ చూసేవాని తలపై సుమారు 35 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. 12 డిగ్రీలు దిగేసరికి అది సుమారు 140 కిలోమీటర్లకు చేరుతుంది. మన ఉష్ణమండలంలో పొద్దు నిట్టనిలువుగా దిగుతుంది కనుక, ఈ రెండింటి నడుమ వ్యవధి అర్ధగంట కూడా ఉండదు. ఆ కొద్ది నిమిషాలలోనే రాకెట్టు లేవాలి, మేఘం విచ్చుకోవాలి, కెమెరాలు పని ముగించాలి. మబ్బు పట్టినా, రాకెట్టు ఆలస్యమైనా ఆనాటి శ్రమ వృథా.

ఒకదానికొకటి చాలా దూరాన నెలకొల్పిన కేంద్రాలనుంచి ఒకే క్షణాన మేఘాన్ని ఫొటో తీసేవారు. వెనుక కనిపించే నక్షత్రాల స్థానాలు ముందే తెలిసినవి కాబట్టి, అవే కొలబద్దలయ్యేవి. ఒక కేంద్రపు చిత్రంలో మేఘపు మెలిక ఒక నక్షత్రం పక్కన కనబడితే, మరొక కేంద్రపు చిత్రంలో వేరొక నక్షత్రం పక్కన కనబడుతుంది. ఈ రెండు కోణాలనుంచి ఎత్తునూ దూరాన్నీ లెక్కకట్టవచ్చు. భూమి కొలిచే సర్వేయర్లు కొండ శిఖరాలకు వాడిన త్రిభుజ గణితమే ఇది; తుంబాలో ఆకాశానికి వర్తించింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాక్ బ్లామాం 1959లో సహారా ఎడారినుంచి వెరోనీక్ రాకెట్ల ద్వారా ఇటువంటి సోడియం మేఘాలను సృష్టించాడు. ఆ అనుభవమే డాక్టర్ విక్రం సారాభాయి ఆహ్వానం మీద అయస్కాంత మధ్యరేఖకు చేరువనున్న తుంబాకు చేరింది.

ఆ తరువాతి సంవత్సరాలలో తుంబా ఆకాశంలో బేరియం మేఘాలు కూడా విచ్చుకొన్నాయి. బేరియంలోని కొంత భాగం సూర్యకాంతి సోకగానే విద్యుదావేశం పొంది ఊదారంగు దాల్చుతుంది. భూమి అయస్కాంత రేఖల వెంట సాగిపోతుంది. ఆవేశం పొందని భాగం పచ్చని వన్నెతో గాలి వెంట కదులుతుంది. రెండు రంగులు విడిపోయిన తీరు ఛాయాచిత్రంలో స్పష్టంగా నమోదైతే, కంటికి కనిపించని విద్యుత్ క్షేత్రం లెక్కకు అందుతుంది. 1968 ఫిబ్రవరి 2న ప్రధాని ఇందిరాగాంధీ తుంబా కేంద్రాన్ని ఐక్యరాజ్యసమితికి అంకితం చేసే నాటికి, సంధ్యవేళ ఆకాశం వైపు కెమెరా ఎత్తడం అక్కడివారికి ఒక శాస్త్రీయ దినచర్య.

తుంబా పేరు చెప్పగానే నేడు లోకానికి స్ఫురించే చిత్రం వేరొకటి. 1966లో ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు ఆంరీ కార్టియే–బ్రెసాం తీసిన ఆ నలుపు తెలుపు చిత్రంలో రాకెట్టు ముందు భాగాన్ని సైకిలుపై పెట్టుకొని నడిపించుకుపోతున్నారు. అది పట్టపగటి చిత్రం. ఒక దేశపు పేదరికాన్నీ పట్టుదలనూ ఒకే చట్రంలో నిలిపిన చిత్రం. సంధ్యవేళ నెగెటివులకు ఆ కీర్తి దక్కలేదు. అవి అంకెలుగా మారి శాస్త్రపత్రాలలో కలిసిపోయాయి.

తప్పిపోయిన తొలి చిత్రం

రాకెట్టును చిత్రించడం ఎంత కష్టమో ఈ విద్య ఆరంభంలోనే తేటతెల్లమయింది. 1926 మార్చి 16న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, ఆబర్న్ వద్ద ఒక పొలంలో రాబర్ట్ గొడార్డ్ ప్రపంచంలోని తొలి ద్రవ ఇంధన రాకెట్టును ప్రయోగించాడు. అది ఎగిరింది 2.5 సెకన్లు, లేచింది సుమారు 12.5 మీటర్లు. ఆయన భార్య ఎస్తర్ చేత చలనచిత్ర కెమెరా ఉన్నది. కాని కీ ఇచ్చి తిప్పే ఆ కెమెరా ఒక్క విడతకు కొన్ని సెకన్లే నడుస్తుంది. రాకెట్టు వెలిగిన తరువాత కూడా కొంతసేపు కదలక నిలబడింది. అది కదిలేసరికి కెమెరా ఆగిపోయింది. చట్రం పక్కన గొడార్డ్ నిలబడి ఉన్న ప్రయోగపూర్వ చిత్రం నేటికీ ప్రసిద్ధమే; ఎగిరిన క్షణపు చిత్రం మాత్రం చరిత్రకు దక్కలేదు.

ఈ విద్యలోని మూలసూత్రం ఆనాడే వెల్లడయింది. పెండ్లి ఫొటో తప్పిపోతే దంపతులను మరల నిలబెట్టవచ్చు. రాకెట్టును మరల నిలబెట్టలేరు. ఎప్పుడు కదులుతుందో, ఎటు ఒరుగుతుందో, ఎంత కాంతి చిమ్ముతుందో ముందుగా ఊహించి, కెమెరాను అందుకు సిద్ధం చేసుకోవాలి. రాత్రివేళ ఈ ఊహ మరింత కఠినమవుతుంది. కెమెరాకు ఎదురుగా అంతవరకు ఏమీ కనిపించదు; ఒక్క క్షణంలో కంటితో చూడజాలనంత వెలుగు పుట్టుకొస్తుంది.

రాత్రిని ఎంచుకొనేది ఎవరు?

ప్రయోగవేళను ఛాయాగ్రాహకులుగాని, ప్రేక్షకులుగాని, చాలా సందర్భాలలో ఇంజనీర్లుగాని తమ ఇష్టానుసారం నిర్ణయించలేరు. గమ్యమే దాన్ని నిర్ణయిస్తుంది. ఉపగ్రహం చేరవలసిన కక్ష్యాతలం అంతరిక్షంలో దాదాపు స్థిరంగా ఉంటే, ప్రయోగకేంద్రం భూమితో పాటు తిరుగుతూ ఆ తలం కిందికి వచ్చే క్షణంలోనే రాకెట్టు లేవాలి. నక్షత్రాలను బట్టి చూస్తే భూభ్రమణానికి పట్టేది 23 గంటల 56 నిమిషాలు కాబట్టి, అటువంటి ప్రయోగాన్ని ఒకరోజు వాయిదా వేస్తే మరునాటి ముహూర్తం సుమారు 4 నిమిషాలు ముందుకు జరుగుతుంది. పంచాంగం చూసి ముహూర్తం పెట్టే దేశానికి ఈ లెక్క కొత్తదేమీ కాదు. గ్రహస్థితికి బదులు కక్ష్యాస్థితి అంతే.

అమెరికా మానవ సహిత అంతరిక్ష యాత్రలలో తొలి రాత్రి ప్రయోగం అపోలో 17. 1972 డిసెంబరు 6 రాత్రి ఫ్లోరిడాలో లేవవలసిన సాటర్న్–5 రాకెట్టు, చివరి 30 సెకన్లలో స్వయంచాలక వ్యవస్థ ఆగిపోవడంతో నిలిచిపోయింది. 2 గంటల 40 నిమిషాల ఆలస్యంతో, 7వ తేదీ రాత్రి 12 గంటల 33 నిమిషాలకు లేచింది. అంతసేపూ ముక్కాలి పీటలపై నిలిచిన వందలాది కెమెరాలు సిద్ధంగా కాచుకొన్నాయి. ఆ రాత్రి చిత్రాలలో ఎటు చూసినా చీకటిని చీల్చుకొన్న ఒక కృత్రిమ సూర్యోదయమే కనబడుతుంది.

ఆ యాత్రికులు సెర్నాన్, ఇవాన్స్, ష్మిట్ బయలుదేరిన ఐదు గంటలకు వెనుదిరిగి భూమిని ఫొటో తీశారు. సూర్యుడు నౌకకు వెనుక వైపున ఉండడంతో, నిండు వెలుగులో గుండ్రని భూగోళం మొత్తం ఆ చిత్రంలో ఒదిగింది. 'నీలి గోళీ' అన్న అర్థం వచ్చే పేరుతో ప్రపంచమంతటా వ్యాపించిన ఆ చిత్రంలో పైభాగాన, కుడివైపు అంచుకు చేరువగా ఒక తుఫాను సుడి కనబడుతుంది. ఆ రోజులలో తమిళనాడు తీరాన్ని వణికించిన తుఫాను అది. రాత్రి లేచిన రాకెట్టునుంచి తీసిన అంత ప్రసిద్ధ చిత్రంలో మన బంగాళాఖాతపు కష్టం కూడా నమోదై ఉన్నది.

ఫ్లోరిడా రాత్రి, కృష్ణా డెల్టా పగలు

అమెరికా అంతరిక్ష షటిల్ తొలిసారి రాత్రివేళ లేచింది 1983 ఆగస్టు 30న. అందుకు కారణం ఒక భారతీయ ఉపగ్రహం. చాలెంజర్ షటిల్ గర్భంలో ఇన్సాట్–1బి ఉన్నది. దాన్ని విడువవలసిన స్థానం, సమయం లెక్కించి చూడగా ప్రయోగం ఫ్లోరిడాలో అర్ధరాత్రి దాటిన తరువాతనే జరగవలసి వచ్చింది. ఆ రాత్రి ఉరుములతో కూడిన వాన ప్రయోగాన్ని 17 నిమిషాలు నిలిపివేసింది. స్థానిక కాలమానం ప్రకారం వేకువ 2 గంటల 32 నిమిషాలకు చాలెంజర్ లేచింది. అప్పుడు భారతదేశంలో మధ్యాహ్నం 12 గంటల 2 నిమిషాలు.

ఆనాటి ఛాయాచిత్రాలలో తడి నేల, మబ్బుల అడుగుభాగం, చుట్టుపక్కల నీటి మడుగులు, అన్నీ రెండు ఘన ఇంధన బూస్టర్ల వెలుగులో బంగారు వన్నెతో కనబడతాయి. ఆ వెలుగుకు కారణం రసాయనికం. ఘన ఇంధనంలో కలిపిన అల్యూమినియం పొడి మండి, తెల్లగా కాలిన సూక్ష్మకణాలుగా వెలువడుతుంది. షటిల్ ప్రధాన ఇంజన్లలో మండే ఉదజని–ఆమ్లజని జ్వాల మాత్రం కంటికి దాదాపు ఆనదు. కనుక రాత్రి ఛాయాచిత్రంలో వెలిగేదంతా ఘన ఇంధనమే. ఎంతో బలంగా పనిచేస్తున్న ఇంజను చిత్రంలో దాదాపు లేనట్లే ఉంటుంది.

అంతకు ముందు సంవత్సరం కక్ష్యలోకి వెళ్ళిన ఇన్సాట్–1ఎ కొద్ది నెలలకే మూగబోయింది. ఇన్సాట్–1బి కూడా మొదట భయపెట్టింది. సౌరఫలకం తెరుచుకోక మొరాయించింది. హసన్ లోని నియంత్రణ కేంద్రం ఇంజనీర్లు రెండు వారాలకు పైగా ఓపికతో ప్రయత్నించి దానిని దారికి తెచ్చారు. తరువాత దేశమంతటా దూరదర్శన్ ప్రసారాలు విస్తరించడానికి, దూరవాణి సంబంధాలు పెరగడానికి, అన్నిటికీ మించి మేఘాల చిత్రాలు నిత్యమూ అందడానికి ఆ ఉపగ్రహం ఆధారమయింది.

తెలుగువారికి ఈ కథలో అతి ముఖ్యమైన ఘట్టం 1990 మేలో వచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు పది వేల మందిని బలిగొన్నది. ఆనాడు బంగాళాఖాతంపై భారతదేశానికి సొంత కన్ను లేదు. 1990 మే 9న కృష్ణా నది ముఖద్వారం వద్ద తీరం దాటిన పెనుతుఫాను తీవ్రతలో దానికి తీసిపోయేది కాదు. అయితే రోజుల ముందుగానే ఇన్సాట్ చిత్రాలలో ఆ సుడి కనబడింది. రేడియో, దూరదర్శన్ ద్వారా హెచ్చరికలు వెలువడ్డాయి. లక్షలాది ప్రజలను సురక్షిత స్థలాలకు తరలించారు. తుఫాను రక్షిత భవనాలు, పాత విషాదం నేర్పిన పాలనానుభవం కూడా తోడ్పడ్డాయి. మృతుల సంఖ్య వెయ్యి లోపున ఆగింది. అది చిన్న సంఖ్య కాదు. కాని 1977 నాటి లెక్క పక్కన నిలిపి చూసినప్పుడు ఎన్ని ప్రాణాలు దక్కాయో తెలుస్తుంది. ఫ్లోరిడా ఆకాశంలో ఒక రాత్రి మెరిసిన వెలుగును ఛాయాచిత్రాలలో చూసిన వారెవ్వరికీ, అవనిగడ్డ, మచిలీపట్నం ప్రాంతాల గుడిసెలతో దానికి సంబంధం ఉంటుందని తోచి ఉండదు.

పులికాట్ అద్దం

భారతదేశపు ప్రధాన ప్రయోగకేంద్రం శ్రీహరికోట. బంగాళాఖాతానికీ పులికాట్ సరస్సుకూ నడుమ, సూళ్ళూరుపేటకు తూర్పున ఉన్న ఈ దీవినుంచి 1971 అక్టోబరు 9న రోహిణి–125 రాకెట్టుతో ప్రయోగాలు మొదలయ్యాయి. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపిన ఎస్.ఎల్.వి.–3 లేచింది ఉదయం వేళ. చాలా ఏళ్ళపాటు ఇక్కడి ప్రసిద్ధ చిత్రాలన్నీ పగటి చిత్రాలే: నీలాకాశం, తెల్లని పొగ, సరుగుడు తోపులు.

ప్రాంతీయ దిక్సూచి ఉపగ్రహాల కాలానికి రాత్రి ప్రయోగాలు ఎక్కువయ్యాయి. 2013 జూలై 1న రాత్రి 11 గంటల 41 నిమిషాలకు పి.ఎస్.ఎల్.వి.–సి 22 ఆ శ్రేణిలోని మొదటి ఉపగ్రహాన్ని తీసుకొని లేచింది. 2014 అక్టోబరు 16న వేకువ 1 గంట 32 నిమిషాలకు మూడవది వెళ్ళింది. 2022 అక్టోబరు 23న, రాత్రి 12 దాటి 7 నిమిషాలకు, ఎల్.వి.ఎం.–3 వాహకనౌక 36 ఉపగ్రహాలను మోసుకుపోయింది. 2024 డిసెంబరు 30న రాత్రి 10 గంటలకు, అంతరిక్షంలో రెండు నౌకలను కలిపే ప్రయోగం కోసం పి.ఎస్.ఎల్.వి.–సి 60 లేచింది.

ఈ రాత్రులలో తీసే చిత్రాలు రెండు తెగలు. మొదటి తెగవారు క్షణాన్ని ఆపుతారు. షట్టరును సెకనులో వెయ్యో వంతు కాలం మాత్రమే తెరుస్తారు. జ్వాల అంచులు, వాహకనౌక పక్కల అక్షరాలు స్పష్టంగా వస్తాయి. చుట్టూ లోకమంతా కాటుకలా నల్లబడుతుంది. రెండవ తెగవారు కాలాన్ని పోగుచేస్తారు. కెమెరాను కదలని పీటపై బిగించి, లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నదిగా చేసి, షట్టరును రెండు మూడు నిమిషాలు తెరిచి ఉంచుతారు. అప్పుడు రాకెట్టు చిత్రంలో కనబడదు. అది నడిచిన దారి మాత్రం నేలనుంచి దిగంతం వరకు ఒకే నిప్పుగీతగా నిలుస్తుంది. పులికాట్ నీరు నిలకడగా ఉన్న రాత్రి, ఆ గీతకు జంటగా నీటిలో మరొక గీత తేలుతుంది.

ఫిల్ము కాలంలో ఈ రెండవ పద్ధతికి ఒక చిక్కు ఉండేది. వెలుతురు సగమైతే సమయం రెట్టింపు చేస్తే సరిపోతుందన్న సాధారణ సూత్రం సుదీర్ఘమైన ఎక్స్‌పోజరులో చెల్లదు. జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు కార్ల్ ష్వార్జ్‌షీల్డ్ నక్షత్రాల చిత్రాలు తీస్తూ 19వ శతాబ్ది చివరనే ఈ లోపాన్ని గుర్తించాడు. ఫిల్ము మందగిస్తుంది, రంగులు వికటిస్తాయి. నెగెటివు కడిగి చూసేదాకా ఫలితం తెలియదు. డిజిటల్ కెమెరా ఈ చిక్కును చాలావరకు తొలగించి, ఫలితాన్ని వెంటనే చూపసాగింది. కాని మొదటి సెకనులోని మహాతేజానికి, చివరి నిమిషంలోని మిణుగురు వెలుగుకు ఒకే అమరిక కుదరదన్న పాత సమస్య అలాగే మిగిలింది. కొందరు లెన్సుకు ముందు నల్లని అట్టను అడ్డం పెట్టి, అవసరమైనప్పుడు తీసి, మరల మూసి, చేతితోనే వెలుగును తూకం వేస్తారు.

ఆ నిప్పుగీతను చదవడం తెలిసినవారికి అది వాహకనౌక జాతకపత్రం. పి.ఎస్.ఎల్.వి. మొదటి అంచె ఘన ఇంధనంతో సుమారు 110 సెకన్లు మండుతుంది. గీతలో లావుపాటి, తెల్లని భాగం అదే. ఆ తరువాతిది ద్రవ ఇంధనపు రెండవ అంచె. గీత సన్నబడి వెలవెలబోతుంది. రెండింటి నడుమ చిన్న తెగుదల కనబడితే అది అంచెలు విడిపోయిన గుర్తు. గీత పైకి లేచి, తరువాత తూర్పు దిగంతం వైపు వంగి దిగుతున్నట్లు ఉండడం చూసి రాకెట్టు కింద పడుతున్నదని కొత్తవారు భయపడతారు. నిజానికి అది ఇంకా పైకే పోతున్నది. దూరం పెరుగుతుండగా భూమి గుండ్రదనం దానిని దిగంతానికి దించి చూపుతుంది. ధ్రువకక్ష్యకు పోయే వాహకనౌక అయితే శ్రీలంక భూభాగాన్ని తప్పించుకొనేందుకు సముద్రంపైకి పోయి దక్షిణానికి మలుపు తిరుగుతుంది. ఆ మలుపు కూడా చిత్రంలో చేరుతుంది.

చిత్రంలో చేరనిది ధ్వని. పది కిలోమీటర్ల దూరాన నిలిచినవారికి వెలుగు తక్షణమే అందుతుంది. ఉరుము అరనిమిషం తరువాత గాని రాదు. రేయి పగలై, కొంగలు చెదరి లేచి, మొగాలన్నీ ఎర్రబడి, అంతా నిశ్శబ్దంగానే జరిగిపోయిన తరువాత, ఛాతీలో అదురు పుట్టిస్తూ ఆ మోత వస్తుంది. ఛాయాగ్రాహకులకు అది హెచ్చరిక కూడా. ఆ అదురుకు పీట కదిలితే గీత వణుకుతుంది.

చిత్రం చెప్పని మాట

2017 ఆగస్టు 31న సాయంత్రం 7 గంటలకు పి.ఎస్.ఎల్.వి.–సి 39 శ్రీహరికోటనుంచి లేచింది. పొద్దు గుంకి ఎంతోసేపు కాలేదు. చీకటి పడుతున్న ఆకాశంలోకి నౌక నిలకడగా ఎగసింది. నేలమీదివారు తీసిన చిత్రాలలో ఏ లోపమూ లేదు. చూసినవారు చప్పట్లు కొట్టారు. కాని ఉపగ్రహాన్ని కప్పి ఉంచే ఉష్ణకవచం వేళకు విడిపోలేదు. ఆ అదనపు బరువుతో నౌక కావలసిన కక్ష్యను అందుకోలేకపోయింది. ఉపగ్రహం కవచంలోనే బందీ అయింది. ఎన్నో ఏళ్ళ శ్రమ ఆ మూతలోపల మిగిలిపోయింది. ఆనాటి ఛాయాచిత్రాలను జయప్రదమైన మరొక ప్రయోగపు చిత్రాల పక్కన ఉంచితే, ఏది జయమో ఏది అపజయమో ఎవరూ చెప్పలేరు.

2019 జూలై 15 రాత్రి ఇందుకు మారుగా మరొకటి జరిగింది. వేకువ 2 గంటల 51 నిమిషాలకు చంద్రయాన్–2 లేవవలసి ఉన్నది. దేశం నిద్ర మానుకొని కాచుకొన్నది. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉన్నదనగా సాంకేతిక లోపం కారణంగా లెక్కింపు ఆగింది. ఆ రాత్రి కెమెరాలు ఖాళీగా తిరిగి వెళ్ళాయి. వారం గడిచి, జూలై 22న మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలకు నౌక జయప్రదంగా లేచింది. నిప్పుగీత చిత్రం దేశానికి దక్కలేదు. నౌక మాత్రం క్షేమంగా వెళ్ళింది. లెక్కింపును ఆపినవారి నిర్ణయం ఏ చిత్రంలోనూ కనబడదు. అయినా ఆ రాత్రి జరిగిన వాటిలో గౌరవింపదగినది అదే.

ఈ రెండు రాత్రులను కలిపి చూస్తే తుంబా శాస్త్రజ్ఞులు ఛాయాచిత్రాన్ని ఎందుకు నమ్మారో, ఎంతవరకు నమ్మారో బోధపడుతుంది. వారు దానిని అందం కోసం తీయలేదు. ఒక్క చిత్రాన్ని నమ్మి ఊరుకోలేదు. వేర్వేరు తావులనుంచి ఒకే క్షణాన తీసిన చిత్రాలను నక్షత్రాల సాక్ష్యంతో సరిపోల్చి, ఆ తరువాతనే గాలి ఇటు వీచిందని ప్రకటించారు. నేటి ప్రయోగకేంద్రాలు కూడా కెమెరాల సాక్ష్యాన్ని రాడార్ల సాక్ష్యంతోను, నౌక స్వయంగా పంపే సంకేతాలతోను సరిచూచి గాని జయాపజయాలను నిర్ణయించవు.

అయితే ప్రజలకు ఆ నిప్పుగీత అంకెలకు అతీతమైన వస్తువు. ఒకప్పుడు ఈ ప్రయోగాలను చూడడానికి సూళ్ళూరుపేట పరిసరాల రోడ్లు, పులికాట్ గట్లు, చెన్నై మేడలు మాత్రమే ఆధారం. 2019లో శ్రీహరికోటలో సుమారు 5,000 మంది కూర్చొని వీక్షించే ప్రాంగణం ప్రారంభమయింది. మారుమూల బడుల పిల్లలు కూడా ఉపాధ్యాయుల వెంట అక్కడికి వస్తున్నారు. వారి చేతులలోని చిన్న కెమెరాలకు, సెల్‌ఫోనులకు ఆ వెలుగు సరిగా అందదు. ఎక్కువ చిత్రాలలో తెల్లని మచ్చ ఒకటే మిగులుతుంది. ఆ మచ్చను ఇంటికి తీసుకుపోయి చూపుతూ, అది ఏమిటో, ఎటు పోయిందో, ఎందుకు పోయిందో వారు చెప్పవలసి వస్తుంది. 1963లో తుంబా తీరాన నారింజ మేఘాన్ని చూసిన జాలరి కుటుంబాల పిల్లలకు అటువంటి వివరణ చెప్పగలవారు ఆనాడు బహు కొద్దిమంది. ఈనాడు చెప్పగలవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. అరవై ఏళ్ళ చరిత్రలో రాకెట్టు ఎత్తు పెరగడంతో పాటు జరిగిన మార్పు ఇది.